మన వూరి గుడ్డ, పరాయి వూరి బీరువా
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



"విదేశంలో చిత్రకళ చదువుకున్నావు గదా, ఆ అనుభవాలు నాలుగు మాటలు చెప్పమ్మా" అని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. చెప్పేముందు ఒక మనవి. మా నోట "నేను" అనే మాట సరిగా రాదు, "మేము" అనే వస్తుంది. ఇంట్లో "హమ్" అని అలవాటుపడ్డ నాలుక తెలుగులోకి వచ్చినా దాన్నే పట్టుకొస్తుంది. లండనులో ఒకసారి ఇంగ్లీషులో కూడా అల్లాగే అనేస్తే, ఎదురుగా ఉన్నావిడ మా వెనక్కి తొంగిచూసి "మీతో ఇంకా ఎవరు వచ్చారు?" అని అడిగింది. ఎవరూ రాలేదు, ఒంటరిగానే వెళ్ళాము. కాని మా అమ్మీ అమ్ముకున్న గాజులు, మీ సంఘం ఇచ్చిన అప్పు, మా భాయి సౌదీ నుంచి పంపిన డబ్బు, అన్నీ కూడా వచ్చినాయి గనుక "మేము" అనటం తప్పు కాదనే అనుకుంటున్నాము.

మాది పెడన అని మీకు తెలుసు. మా అబ్బా కలంకారీ అద్దకానికి టేకు అచ్చులు చెక్కేవారు. ఇంటి అరుగు మీద కూర్చుని, చెక్క మీద సుద్ద పూసి, దాని మీద పువ్వు గీసుకుని, చిన్న చిన్న ఉలులతో గీకుతూ ఉంటే రోజుకి బెత్తెడు పని తెమిలేది. ఒక్క పువ్వుకి ఒక అచ్చు చాలదు. నల్ల గీతకి ఒకటి, ఎరుపుకి ఒకటి, మిగతా రంగులకి వేరే. ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. చిన్నప్పుడు మాకు ఆ పని అంటే గౌరవం ఉండేది కాదు. కరక్కాయ, గేదెపాలు కలిపి గుడ్డ తడిపే చోట వచ్చే వాసన మా వీధికంతా పట్టి ఉండేది. బడిలో పక్కపిల్లలు ముక్కు మూసుకునేవారు. అంచేత "మీ నాన్నగారేం చేస్తారు?" అంటే "వ్యాపారం" అని చెప్పేవాళ్ళం. విశాఖపట్నంలో బి.ఎఫ్.ఎ. చదివిన నాలుగేళ్ళూ కూడా అదే చెప్పాము. ఈ అబద్ధం మాతోపాటు విమానం ఎక్కింది, అందుకే ముందే ఒప్పుకుంటున్నాము.

2017లో లండనులో ఒక ఆర్టు కాలేజీలో వస్త్రాల మీద డిజైను చదవటానికి సీటు వచ్చింది. మేము వెళ్ళిన బ్యాంకులో "ఇంజనీరింగయితే చూద్దాం గాని, బొమ్మల చదువుకి అప్పేవిటమ్మా?" అన్నారు. ఇంటి కాగితాలు పెడితే చివరికి ఇచ్చారు. తక్కువ పడ్డది వడ్డీ లేకుండా ఈ సంఘం సర్దింది. ఆనాటి కమిటీలో పెద్దాయన ఒకరు రెండు ప్రశ్నలు వేశారు. "ఆడపిల్ల ఒక్కతే అంతదూరమా?" అన్నది మొదటిది. "బొమ్మలు గీసి ఏం చేస్తుంది?" అన్నది రెండోది. అబ్బా మొదటిదానికి ఏమీ అనలేదు. రెండోదానికి మాత్రం, "ఏమో భాయ్, ముప్ఫై అయిదేళ్ళు చెక్క గీకి నేనేం చేశానో నాకే తెలియదు. వెళ్ళి తెలుసుకు రానీ" అన్నారు. అప్పుడు అందరూ నవ్వారు. మేమూ నవ్వాము.

లండనులో మా గది ఊరికి తూర్పున, వైట్‌చాపెల్ దగ్గర. మంచం, బల్ల పట్టగా మిగిలిన చోట జానమాజ్ పరుచుకోవచ్చు, అంతే. ఆ పేటలో బంగ్లాదేశ్ వాళ్ళు ఎక్కువ గనుక హలాల్ మాంసానికి, పప్పూ బియ్యానికి కరువులేదు. గోంగూరకే మొహం వాచాము. దగ్గర్లో బ్రిక్‌లేన్ అనే వీధి ఉంది. ఆ వీధిలో మసీదు ఉన్న కట్టడం కథ వింటే ఆశ్చర్యం వేస్తుంది. 1743లో ఫ్రాన్సు నుంచి పారిపోయి వచ్చిన ప్రొటెస్టంట్లు దాన్ని చర్చిగా కట్టుకున్నారు. తరువాత మరో శాఖ క్రైస్తవులు ప్రార్థన చేసుకున్నారు. 1898లో యూదుల ఆలయమయింది. 1976లో మసీదయింది. గోడలు అవే, వచ్చిపోయిన వాళ్ళే మారారు. ఆ మొదట వచ్చిన ఫ్రెంచివాళ్ళలో పట్టునేత పనివాళ్ళు చాలామంది. వాళ్ళ సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

పెద్దలు అడగటానికి మొహమాటపడుతున్న ప్రశ్న ఒకటుంది, మేమే చెప్పేస్తాము. ఆర్టు కాలేజీల్లో మనిషిని నగ్నంగా నిలబెట్టి గీయించే క్లాసులు ఉంటాయి, నిజమే. మా వస్త్రాల శాఖలో అది తప్పనిసరి కాదు. మేము వెళ్ళలేదు, ఎందుకు రాలేదని ఎవరూ అడగనూ లేదు. చలి మాత్రం అందరికీ తప్పనిసరే. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి. 2018 రంజాను మేజూన్ నెలల్లో పడింది, పొద్దు గూకేది రాత్రి తొమ్మిది దాటాక. పద్ధెనిమిది గంటలపైన ఉపవాసం ఉండి ఒక బట్టల కొట్టులో నిలబడి పనిచేశాము. వారానికి ఇరవై గంటలకి మించి పనిచెయ్యకూడదని మా వీసాలో షరతు. ఆ ఇరవై గంటల జీతమూ గది అద్దెలోకి పోయేది.

ఇక చదువు. మేము అక్కడికి వెళ్ళింది కంప్యూటరు మీద డిజైను గీయటం, తెరల మీద రంగు దించటం నేర్చుకోవాలని. చెక్క అచ్చుల క్లాసు వచ్చినప్పుడు ఏమీ తెలియనట్టు వెనక నిలుచున్నాము. అక్కడి టీచరుగారు అచ్చుని గుడ్డ మీద పెట్టి, దాని నెత్తిన చిన్న కొయ్యసుత్తితో కొట్టి చూపించారు. యూరపులో అద్దకం పనివాళ్ళు అల్లాగే చేసేవారట. మన పెడనలో పిడికిలితోనే గుద్దుతారు. మా చెయ్యి దానంతటదే పిడికిలి పట్టింది. జేబులో పెట్టుకున్నాము.

మరో రోజు పాఠంలో పెద్ద తెర మీద ఒక దుప్పటి బొమ్మ వేశారు. రాళ్ళగుట్ట మీంచి లేచిన చెట్టు, కొమ్మకొక రకం పువ్వు, చుట్టూ లతల అంచు. మన పలంగుపోషే. ఇంగ్లీషువాళ్ళ నోట అది పాలంపోర్ అయింది. ఆ రోజు విన్న చరిత్ర మీకు కొంచెం చెప్పాలి, ఎందుకంటే అది మన చరిత్రే గాని మన బడిపుస్తకాల్లో మాకు కనపడలేదు.

ఇంగ్లీషువాళ్ళ కంపెనీ బందరులో కొట్టు పెట్టింది 1611లో. మిరియాల దేశాల్లో మన గుడ్డ ఇస్తే మిరియాలు ఇస్తారని మొదట కొన్నారు. తరువాత వాళ్ళ ఊళ్ళోనే జనం ఈ గుడ్డకి ఎగబడ్డారు. కారణం ఒక్కటే, ఉతికినా రంగు పోదు. అక్కడి వాళ్ళకు గుడ్డ మీద బొమ్మ వెయ్యటం వచ్చుగాని, నూలు మీద ఆ రంగు నిలపటం రాదు. మన ఇళ్ళల్లో పదేళ్ళ పిల్లకి తెలిసిన సంగతే అది. పటికనీళ్ళు అద్దినచోట ముందు ఏమీ తెలియదు. పారే నీళ్ళలో జాడించి, చిరివేరు వేసిన కాగులో ఉడికిస్తే, పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది, మిగతాచోట నిలవదు. తుప్పు ఇనుము, బెల్లం ఊరేసిన నీళ్ళు కరక్కాయ పట్టిన గుడ్డకి తగిలితే నలుపు. పాలు ఎందుకంటే, రంగు అటూ ఇటూ పాకకుండా. ఈ మాత్రం రహస్యం కోసం యూరపంతా చాలాకాలం తంటాలు పడింది.

తమ నేతపని దెబ్బతింటుందని ఫ్రాన్సు రాజు 1686లోనే ఈ గుడ్డల్ని నిషేధించాడు. ఆ నిషేధం 1759 దాకా ఉంది. ఇంగ్లండు 1700లో దిగుమతి ఆపుతూ ఒక చట్టం, 1721లో ఒంటి మీద వేసుకోవటమే నేరమంటూ మరో చట్టం చేసింది. నడుమ 1719లో లండను నేతపనివాళ్ళు వీధుల్లో పడి, అద్దకపు గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళ బట్టలు చించారు. సిరా పోశారు. వాళ్ళది ఏ పేట అనుకున్నారు? మేము గది తీసుకున్న చోటికి పక్కనున్న స్పిటల్‌ఫీల్డ్సే, ఇందాక చెప్పిన ఫ్రెంచి నేతగాళ్ళు వచ్చి స్థిరపడిన చోటు. వాళ్ళ మీద మాకు కోపం రాలేదు. కూడు పోతుందని భయపడ్డవాళ్ళు వాళ్ళు. తరువాత మిల్లుగుడ్డ వచ్చి మనవాళ్ళ కూడు పోయినప్పుడు మనవాళ్ళు ఎవరి బట్టలూ చించలేదు, అంతే తేడా.

ఆ రోజు పాఠం చివర టీచరుగారు, "దీన్ని చేసినవాళ్ళెవరో తెలియదు, పేరులేని భారతీయ పనివాళ్ళు" అని ముగించారు. ఆవిడ చెడ్డగా అనలేదు, ఉన్నమాటే అన్నారు. క్లాసులో ఇద్దరు ముగ్గురు మావైపు తిరిగి చూశారు, భారతీయులం గదా అని. మేము పుస్తకంలో ఏదో రాసుకుంటున్నట్టు తల వంచుకున్నాము. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పేరులేని వాళ్ళేవిటి? మా దాదా పేరుంది. అబ్బా పేరుంది. అబ్బాకి ఉలి పట్టటం నేర్పిన ఉస్తాదు పేరుంది. లేనిది మేము నోరు విప్పటం.

లండనులో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం చాలా పెద్దది. లోపలికి పోవటానికి టిక్కెట్టు లేదు. గాజు అరల్లో పెట్టినవి కొన్నే, మిగిలిన గుడ్డలు అప్పట్లో బ్లైత్‌హౌస్ అని ఒకప్పటి పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకు భవనంలో దాచి ఉండేవి. ముందుగా రాసి, రోజు ఖాయం చేసుకుంటే మనకి కావలసింది తీసి చూపిస్తారు. విద్యార్థులకే కాదు, ఎవరికైనా. ఇప్పుడా నిలవ అక్కడ లేదు. 2025లో ఊరికి తూర్పున కొత్తగా తెరిచిన స్టోర్‌హౌస్‌కి మార్చారు, అక్కడా అడిగితే తీసి చూపిస్తున్నారు. మన పిల్లలెవరైనా ఆ ఊరు వెళితే ఈ సంగతి మరచిపోకండి.

సరే, వెళ్ళాము. సంచీ బయట పెట్టించారు. పెన్ను కూడదు, పెన్సిలే. పొడుగాటి బల్ల మీద తెల్ల కాగితం పరిచి, గొట్టానికి చుట్టిన గుడ్డని ఇద్దరు మనుషులు పసిబిడ్డని దించినట్టు దించి విప్పారు. మా ఇంట్లో ఇల్లాంటి గుడ్డల మీద కూర్చుని అన్నం తిన్నాము, ఒలికితే దాంతోనే తుడిచాము. నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఒక ముక్క మీద మన తీరం పేరు ఉంది, శతాబ్దం ఉంది. చేసినవారి పేరు చోట ఏమీ లేదు.

అబ్బా ఎప్పుడూ అనేవారు, అద్దకం మంచిచెడ్డలు చూడాలంటే నడిమి పువ్వు చూడొద్దు, మూల చూడు అని. మూల చూశాము. అంచు లత రెండు వైపుల నుంచీ వచ్చి మూల దగ్గర కలవాలి. కలవలేదు. ఒక పువ్వు సగమే పడింది, ఆ సగాన్ని కప్పటానికి పక్కన చిన్న ఆకు అద్దారు. సరిగ్గా మా వీధిలో ఈనాటికీ చేసే సర్దుబాటు అది! ఫోటో తీసుకోవచ్చన్నారు. తీసి అబ్బాకి వాట్సాపులో పంపాము.

సాయంత్రం ఫోను మోగింది. అప్పటికి పెడనలో రాత్రి పొద్దుపోయింది. అబ్బాకి అప్పుడే చూపు మందగిస్తోంది, బొమ్మని పెద్దది చేసి, భూతద్దం కూడా పెట్టి చూశారట. "బేటీ, ఇది ఒక్క చెయ్యి కాదు. నల్ల గీత వేసినవాడు ఉస్తాదు. ఎరుపు వేసినవాడు పిల్లాడు. చూడు, అంచుకి వచ్చేసరికి రంగు ఎక్కువ పట్టించుకున్నాడు, గీత దాటింది. ఆ ఆకు మాత్రం మళ్ళీ ఉస్తాదే వేశాడు, పిల్లాడిని తిట్టి వేసుంటాడు" అన్నారు. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తరువాత, "ఎంత జాగ్రత్తగా దాచారే!" అన్నారు. ఆ మాటలో సంతోషం ఎంతో, దిగులు ఎంతో మేము తేల్చుకోలేకపోయాము.

మరునాడు కాలేజీలో టీచరుగారి గదికి వెళ్ళి మొత్తం చెప్పేశాము. అబ్బా ఏం పని చేస్తారో, మేమేం దాచామో, ఆ గుడ్డలో ఆయన ఏం చూశారో. ఆవిడ కుర్చీలోంచి లేచి, "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అన్నారు. జవాబు లేదు మాదగ్గర. వారం తిరక్కుండా మా చేత క్లాసులో అద్దకం చేయించారు, సుత్తి లేకుండా, పిడికిలితో. మొదటి వరస వంకర పోయింది. అబ్బా పని తెలుసునన్నాము గాని, అబ్బా చెయ్యి మాకు లేదు గదా. మా సిద్ధాంత వ్యాసం కూడా ఈ అచ్చుల మీదే రాశాము.

సెలవుల్లో రాత్రి బస్సెక్కి పారిస్ వెళ్ళాము. రైలుకంటే అది చవక. అక్కడ అందరూ చూసే గోపురం దూరం నుంచే చూశాము, దాని సంగతి మీకు సినిమాల్లో తెలుసు. మేము వెళ్ళింది వెర్సాయ్ దగ్గరున్న జూయీ అనే చిన్న ఊరికి. అక్కడ నిషేధం తీసేసిన మరుసటి ఏడే, అంటే 1760లో, ఒబెర్‌కాంఫ్ అనే జర్మనీ కుర్రవాడు అద్దకపు కార్ఖానా పెట్టాడు. బియేవ్ర్ అనే వాగు ఒడ్డున పెట్టాడు, ఎందుకంటే గుడ్డ జాడించటానికి పారే నీళ్ళు కావాలి. ఆ వాగు చూడగానే మన పెడన కాలవ గుర్తొచ్చింది. మన కాలవే వెడల్పు. అప్పటికే మన తీరంలో ఉన్న కూర్దూ అనే ఫ్రెంచి ఫాదరీ, అద్దకం పనివాళ్ళనడిగి తెలుసుకుని 1742లో పద్ధతంతా ఉత్తరంగా రాసి పంపేశాడు. తెలుగు నేర్చిన మనిషి ఆయన. రహస్యం అల్లా సముద్రం దాటింది.

జూయీ మ్యూజియంలో మమ్మల్ని కట్టిపడేసింది గుడ్డలు కాదు, పేర్లు. యజమాని పేరుంది, 1806లో నెపోలియన్ చక్రవర్తి వచ్చి ఆయనకి పతకం ఇచ్చాడు. బొమ్మలు గీసిన హ్యూయే పేరుంది. కుంచెలతో రంగులు నింపిన ఆడవాళ్ళ పనికి మాత్రం ఒక బిరుదులాంటి మాట ఉంది. అక్కడా కూలిజనం పేర్లు తక్కువే. కాని గీసినవాడి పేరు ఉంది గదా!

మరొకటి చెప్పి ఈ మాట ఆపుతాను. అరె, "ఆపుతాను" అన్నాము, లండను పోయినా రానిది ఇక్కడ వచ్చింది! 1866లో ఫోర్బ్స్ వాట్సన్ అనే దొర మన దేశపు గుడ్డలు కత్తిరించి 700 ముక్కలు 18 పుస్తకాల్లో అతికించాడు. అల్లాంటివి ఇరవై సెట్లు చేశారు. పదమూడు ఇంగ్లండులో ఉంచుకున్నారు, ఏడు మన దేశానికి పంపారు. అక్కడి మిల్లులవాళ్ళు చూసి, మనకి నచ్చే గుడ్డ నేసి మనకే అమ్మటానికి. ప్రతి ముక్కకి ఎక్కడిది, ఎంత పొడుగు, ఎంత బరువు, ఎంత ధర అన్నది రాశారు. ఎవరు చేశారో వాళ్ళకి అవసరం లేకపోయింది.

2018 చివర తిరిగి వచ్చేశాము. చదువయ్యాక ఉండి ఉద్యోగం వెతుక్కునే వీసా ఆ రోజుల్లో లేదు, 2012లో తీసేసింది మళ్ళీ 2021లో గాని పెట్టలేదు. వస్తే ఇక్కడ ఏం మాటలు పడ్డామో మీలో కొందరికి తెలుసు. "లండను పోయి వచ్చి మళ్ళీ అద్దకాల బల్ల దగ్గరే నిలబడింది" అన్నారు. అమ్మీ చాలా బాధపడింది. బడిలో డ్రాయింగు చెప్పుకుంటూ, సాయంత్రాలు డిజైన్లు గీసి అమ్ముకుంటూ బ్యాంకు అప్పు తీరుస్తున్నాము. సంఘం అప్పు ఇంకా రెండు వాయిదాలు ఉన్నది. ఈ సభలో చెబుతున్నాం గనుక కోశాధికారిగారు ధైర్యంగా ఉండవచ్చు.

ఇంకో పని కూడా మొదలుపెట్టాము. ఒక లెడ్జరు కొని, బందరు, పెడనల్లో అచ్చులు చెక్కినవాళ్ళు, అద్దకం చేసినవాళ్ళు, కాగు దగ్గర నిలబడ్డవాళ్ళు, గుడ్డ జాడించిన ఆడవాళ్ళు, అందరి పేర్లూ రాస్తున్నాము. అనుకున్నంత తేలిక కాదు. 1864 ఉప్పెనలో బందరు కొట్టుకుపోయింది, వేలమంది పోయారు, అంతకు ముందటి పేర్లు చెప్పగల ఇళ్ళు దొరకటం లేదు. ఆడవాళ్ళనడిగితే "మా పేరెందుకమ్మా, ఆయన పేరు రాయి" అంటారు. ఇప్పటికి రెండువందల పదకొండు పేర్లు వచ్చినాయి. అందులో ఆడవాళ్ళవి పంతొమ్మిదే.

మొదటి పేజీలో అబ్బా పేరు రాయబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. "ముందు మా ఉస్తాదుది" అన్నారు. సరేనని రాశాము. "ఆయన ఉస్తాదుది ఆయన పైన" అన్నారు. ఆ పేరు గుర్తు రాలేదు. నాలుగురోజులు ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళ ఇళ్ళకి తిరిగి అడిగారు, ఎవరూ చెప్పలేకపోయారు. అంచేత ఆ గీత ఖాళీగా ఉంచాము. అబ్బా పేరు మూడో గీతలో ఉంది. ఆయన ఇక్కడే ఆ స్తంభం పక్కన కూర్చున్నారు, ఆయన్ని చూపించొద్దని ముందే మాట తీసుకున్నారు గనుక చూపించటం లేదు.

ఆ లెడ్జరు వెనకాల, నీళ్ళ డ్రమ్ము పక్కనున్న బల్ల మీద పెట్టాము. భోజనాలకి లేచినప్పుడు ఒక్క నిమిషం అక్కడ ఆగండి. మీ దాదీ, నానీ, ఎవరు ఆ పని చేసినా రాయండి. రాయటం రాని పెద్దలు పేరు చెబితే మా చెల్లెలు రాస్తుంది. పెన్ను దారంతో కట్టి ఉంది, దయచేసి తెంపుకుపోకండి. శలవు, ఖుదా హాఫిజ్.